పరీక్షకి రాని పాఠం

మెల్‌బోర్న్ వచ్చిన ఆరో ఏడు ఆస్ట్రేలియా సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాను. 20 ప్రశ్నలు, 45 నిమిషాలు, 75 శాతం వస్తే పాస్. అందులో దేశ విలువల మీద వచ్చే 5 ప్రశ్నల్లో మాత్రం ఒక్కటి తప్పినా ఫెయిలే. చదవడానికి ప్రభుత్వమే ఒక పుస్తకం ఇస్తుంది. పరీక్షకి వచ్చే భాగం వేరు, రాని భాగం వేరు. చరిత్ర చాలావరకు రాని భాగంలో ఉంది. ఇంపార్టెంట్ ప్రశ్నలు చదివి ఇంటర్ గట్టెక్కినవాణ్ణి, హాయిగా వదిలేద్దామనుకున్నాను.

ఫోన్లో నాన్న వదల్లేదు. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. "వాళ్ళ ఆగస్టు 15 ఎప్పుడ్రా?" అని అడిగారు.

వెతికితే తేలలేదు. జనవరి 26 ఆస్ట్రేలియా డే. కానీ అది 1788లో ఆర్థర్ ఫిలిప్ ఖైదీలున్న ఓడలతో వచ్చి సిడ్నీ తీరాన బ్రిటిష్ జెండా పాతిన రోజు. అప్పటికే వేల తరాలుగా అక్కడున్న ఆదివాసులు 1938లో అదే తేదీన సంతాప దినం జరిపారు. పోనీ 1901 జనవరి 1? ఆ రోజు ఆరు కాలనీలు కలిసి ఒక దేశమయ్యాయి, స్వాతంత్ర్యం మాత్రం కాదు. 1914లో బ్రిటన్ యుద్ధానికి దిగితే వీళ్ళూ దిగినట్టే లెక్క.

ఆ ఆరు కాలనీల సంగతి చెబితే నాన్నకి హుషారొచ్చింది, కారణం రైళ్ళు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో గేజి, అంటే పట్టాల మధ్య దూరం, 1435 మిల్లీమీటర్లు, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాలో 1600. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్ళేవాళ్ళు సరిహద్దులోని ఆల్బరీలో సామాన్లతో దిగి రైలు మారాలి. ఒకే గేజి మీద మెల్‌బోర్న్ దాకా రైలు వచ్చింది 1962లో. "గుంతకల్లులో మీటర్ గేజి, బ్రాడ్ గేజి మా తిప్పలు మాకుండేవి, వీళ్ళవీ అవేనా!" అని నవ్వారు.

మిగతాదీ చదివి చెప్పాను. సొంత చట్టాలపై బ్రిటన్ పెత్తనం చాలావరకు తొలగించే వెస్ట్‌మిన్‌స్టర్ శాసనం 1931లో వస్తే, వీళ్ళు ఒప్పుకున్నది 1942లో. 1949 దాకా ఆస్ట్రేలియా పౌరుడన్న మాటే చట్టంలో లేదు, అందరూ బ్రిటిష్ ప్రజలే. కోర్టు తీర్పుల మీద లండన్‌కి అప్పీళ్ళు పూర్తిగా ఆగింది 1986లో. "మనలా ఒక్క అర్ధరాత్రి కాదన్నమాట, ఇన్‌స్టాల్‌మెంట్స్‌లో తెచ్చుకున్నారు" అన్నారు నాన్న.

పరీక్ష రోజు అసలు టెన్షన్ ప్రశ్నలది కాదు, పేరుది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పదో తరగతి మెమోలో ఒక్క అక్షరమే. ఆ అక్షరమే ఈ పేరని కౌంటర్లో ఆమెకి అర్థమయ్యేసరికి నాకు చెమటలు పట్టాయి. కంప్యూటర్ ముందు మాత్రం 12 నిమిషాలే. 95 శాతం వచ్చింది. 1901లో ఇక్కడి తొలి పార్లమెంటు పెట్టిన పరీక్ష గుర్తొచ్చింది. అధికారి తనకి తోచిన యూరప్ భాషలో 50 మాటలు చదివితే తప్పుల్లేకుండా రాయాలి. తెల్లవాళ్ళు కానివాళ్ళని ఆపడానికే అది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మా తాత వచ్చుంటే, ఆయనా బ్రిటిష్ ప్రజే అయినా, ఏ జర్మన్‌లోనో రాయమని వెనక్కి పంపేవాళ్ళు. 1958 దాకా ఆ పరీక్ష ఉంది.

నాలుగు నెలలకి కౌన్సిల్ నుంచి, అంటే ఇక్కడి మున్సిపాలిటీ నుంచి, ఉత్తరం వచ్చింది. ప్రమాణం జనవరి 26న. మన చట్టం ప్రకారం నా భారత పౌరసత్వం పోయేదీ ఆ క్షణమే, సరిగ్గా రిపబ్లిక్ డే నాడు. ప్రమాణం రెండు రకాలు, దేవుడి పేరుతో ఒకటి, లేకుండా ఒకటి. రాజు పేరు రెండింట్లోనూ లేదు. ఇక్కడి ఎంపీలు మాత్రం నేటికీ రాజు పేరు మీదే ప్రమాణం చేయాలి!

మేయర్ సర్టిఫికెట్‌తో పాటు ఓ చిన్న మొక్క చేతిలో పెట్టారు. బయటికొచ్చి ఫోన్ చేస్తే అక్కడింకా పొద్దున ఆరు.

"అయిపోయిందా?"

"అయిపోయింది నాన్నా."

"సరే, చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నా. ఎనిమిదింటికి జెండా వందనం. మళ్ళీ మాట్లాడతా" అని పెట్టేశారు.