3550 మెట్లు, రెండు పాలప్యాకెట్లు

నిన్న రాత్రే తిరుపతి నుంచి వచ్చి పడ్డాం. పిక్కలు రాళ్ళయిపోయాయి. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వస్తోంది. అయినా ఇవాళే రాసేస్తున్నాను. నాలుగు రోజులు ఆగితే నాకు మంచితనం ముంచుకొచ్చి, మా అపార్ట్‌మెంట్ వాళ్ళు చేసిన పని దాచేస్తానని భయం.

సంగతేమిటంటే, యాభై ఏళ్ళ వయసులో, షుగరుతో, డెబ్బై ఎనిమిది కిలోల ఒంటితో నేను తిరుమల కొండకి అలిపిరి మెట్లు ఎక్కాను. మొత్తం 3550. నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. మా ఆయన దారి మధ్యలో వచ్చే గాలిగోపురం దగ్గర నాకంటే పావుగంట వెనక ఉన్నారు. ఇది రాయొద్దన్నారు, రాశాను.

అంతకుముందు నా సంకల్పాలన్నీ జనవరి ఒకటిన పుట్టి సంక్రాంతికి భోగిమంటలో పోయేవే. 2022 డైరీ ఇప్పటికీ ఉంది. మొదటి పేజీలో పదకొండు ఉన్నాయి: యోగా, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడటం, నెలకి ఐదు వేలు పక్కన పెట్టడం, అన్నం తగ్గించడం, ఎవరి మీదా అరవకపోవడం... మార్చి నుంచి అదే డైరీలో పాల లెక్కలు, ఇస్త్రీ బట్టల పద్దు. సైన్సు టీచర్ని, పిల్లలకి మాత్రం లక్ష్యం, క్రమశిక్షణ అని గంటలు గంటలు చెప్తాను.

క్రోధి ఉగాదికి, అంటే 2024 ఏప్రిల్ 9న, ఒక్కటే అనుకున్నాను. పదో తరగతిలో నాకు కామెర్లు ముదిరితే, పిల్ల బతికితే కొండకి నడిపిస్తానని మా అమ్మ మొక్కుకుంది. నేను బతికాను. కొండకి పాతిక సార్లు వెళ్ళుంటాను, అన్నీ బస్సులోనే. అమ్మ ఆఖరి రోజుల్లో కూడా అడిగింది, "ఆ మెట్ల సంగతి ఏం చేశావే?" అని. అమ్మ పోయి ఆరేళ్ళయింది. మళ్ళీ ఉగాది వచ్చేలోపు మొక్కు తీర్చాలి. అంతే, రెండోది లేదు.

మేముండేది విజయవాడ సింగ్‌నగర్‌లో, ఐదో అంతస్తు. అంతస్తుకి పదకొండూ పదకొండూ ఇరవై రెండు మెట్లు. కిందనుంచి మా గుమ్మం దాకా 110. 3550ని 110తో భాగిస్తే 32 సార్లు ఎక్కాక ఇంకా 30 మెట్లు మిగులుతాయి. పంతొమ్మిది సార్లకి గాలిగోపురం వచ్చేసినట్టే. ఈ లెక్క కాగితం మీద చూసుకున్నాక కొండ కాస్త చిన్నదైనట్టనిపించింది.

మరి రోజూ ఎప్పుడు ఎక్కడం? సాయంత్రం అనుకుంటే సాయంత్రం వీలై చావదు. పొద్దున్నే తప్పని పని ఏదుందా అని చూశాను. పాలు! మా బిల్డింగులో పాలప్యాకెట్లు వాచ్‌మన్ గది పక్కన ట్రేలో పెట్టి పోతాడు కుర్రాడు. అవి తెస్తే గానీ కాఫీ లేదు, కాఫీ లేనిదే నేను మనిషిని కాను. కాబట్టి ఒప్పందం ఇది: లిఫ్టులో దిగాలి, మెట్లెక్కి రావాలి, ఆ రోజు లెక్క పూర్తయ్యాకే ఆఖరి రౌండులో రెండు ప్యాకెట్లూ చేతిలోకి తీసుకోవాలి. దిగేటప్పుడు మెట్లు వద్దనుకున్నాను, మోకాళ్ళ మీద భారం ఎక్కువ పడేది దిగేటప్పుడే. మొదటి వారం రోజుకి రెండు రౌండ్లు. తర్వాత వారానికొకటి పెంచాను. గోడ మీద క్యాలెండర్లో తిథి కింద ఎర్రపెన్నుతో అంకె వేసేదాన్ని.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్లో ఏదో యాప్ పెట్టాడు. ఇరవై మూడో రోజు జ్వరమొచ్చి ఒక్క పూట మానేస్తే అది నా లెక్కంతా చెరిపి సున్నా చేసింది. దానికేం తెలుసు నా జ్వరం? తీసిపారేశాను. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందన్న మాట కూడా నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మంది మీద చేసిన పరిశీలన ఒకటి 2010లో అచ్చయింది. అందులో సగటున 66 రోజులు తేలింది. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క కట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే ఉంది. మనవాళ్ళు మండలం అని నలభై ఒక్క రోజులు ఊరికే పెట్టలేదు. నాకైతే జూన్ నెల మధ్యకి గానీ కాళ్ళు వాటంతటవి మెట్లవైపు తిరగలేదు.

ఇక అసలు కథ.

జులైలో అపార్ట్‌మెంట్ మీటింగు. సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు, ఇరవై మంది దాకా వచ్చారు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ వెనక కూర్చున్నాను. సెక్రటరీగారు నాలుగో అంతస్తు. నీళ్ళ మోటారు, పెయింటింగు అయ్యాక గొంతు సవరించుకుని, "నాలుగో అంశం, లిఫ్టు దుర్వినియోగం" అన్నారు. ఎవరి పిల్లలో ఆడుకుంటున్నారేమో అనుకున్నాను. ఆయన ఫోను తీసి, సౌండు పెంచి, అందరికీ కనపడేలా పైకెత్తారు.

సీసీ కెమెరా వీడియో. నైటీ మీద పాత చున్నీ కప్పుకుని, జుట్టు ముడేసుకుని, రెయిలింగు పట్టుకుని ఎగశ్వాస తీస్తూ ఎక్కుతోంది ఒకావిడ. అది నేనేనని పోల్చుకోవడానికి నాకే క్షణం పట్టింది. కొంచెం ముందుకి జరిపారు. మళ్ళీ అదే మెట్టు, మళ్ళీ నేనే. ఇంకొంచెం ముందుకి. మళ్ళీ నేనే. నాలుగోసారికి ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, కుర్చీలన్నీ నవ్వాయి. మూడో అంతస్తు ఆవిడ, వాళ్ళ పాపకి నేను ఊరికే ట్యూషన్ చెప్పినావిడ, నోటికి పమిట అడ్డం పెట్టుకుంది.

"తప్పుగా అనుకోవద్దు మేడమ్ గారూ, తెల్లారకుండా పన్నెండు సార్లు లిఫ్టు దిగుతున్నారు. కరెంటు బిల్లు అందరిదీ కదా. నెలకి రెండొందలు అదనంగా ఇచ్చేయండి, ఎవరికీ బాధుండదు" అన్నారాయన.

నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, నోరు పెగల్లేదు. పక్కకి చూస్తే మా ఆయన చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా ఈనెలు తీస్తున్నారు! పెళ్ళయ్యాక ఆయన కూరగాయలు ముట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

తొమ్మిది రోజులు ఎక్కలేదు. పాలు ఆయనే తెచ్చారు, లిఫ్టులో. క్యాలెండర్లో తొమ్మిది గళ్ళు ఖాళీ. పదో రోజు రెండొందలు కవర్లో పెట్టి సెక్రటరీగారి తలుపు కొట్టాను. "తీసుకోండి. అసోసియేషన్ రశీదు ఇవ్వండి. దేనికి అన్న చోట 'మెట్లు ఎక్కినందుకు' అని స్పష్టంగా రాయండి" అన్నాను. పెన్ను తీశారు, మూత పెట్టారు, మళ్ళీ తీశారు. ఆఖరికి "తర్వాత చూద్దాం లెండి" అన్నారు. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు. ఎవరు డబ్బడిగినా రశీదు అడగండి. సగం డబ్బులు అక్కడే ఆగిపోతాయి.

సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీదికి వచ్చింది. సింగ్‌నగర్ సంగతి అందరూ టీవీల్లో చూసిందే, మళ్ళీ చెప్పను. సెల్లారు మునిగింది, కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది. ఆ కెమెరాల పెట్టె కూడా నీళ్ళలోనే. పడవల మీద మంచినీళ్ళ సీసాలు, పాలప్యాకెట్లు, పులిహోర పొట్లాలు వస్తే అందుకుని పైకి మొయ్యాలి. బిల్డింగులో సగంమంది పెద్దవాళ్ళు. నేనూ, వాచ్‌మన్ భార్యా, రెండో అంతస్తు కుర్రాడూ మోశాం. ఆ వారం ఆ బిల్డింగుకి లిఫ్టు నేనే. సెక్రటరీగారి అమ్మగారికి నీళ్ళు ఇస్తే ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. వెనక ఆయన నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు, నేనూ అనలేదు. కానీ లోపల ఎంత సంతోషపడ్డానో ఆ ఏడుకొండలవాడికే తెలుసు.

మిగతావి తేలిక. మోకాలు చూపిద్దామని ఒక ఆసుపత్రికి పోతే డాక్టరు రెండు నిమిషాలు చూసి క్యాల్షియం రాశాడు, ఆరొందలు తీసుకున్నాడు. కొన్ని ఆదివారాలు మంగళగిరి పానకాలస్వామి మెట్లెక్కాను. అక్కడ పోసిన పానకంలో స్వామి సగం తాగి సగం మనకి వదిలేస్తాడు గదా, నాకు షుగరని తెలిసే వదులుతాడో ఏమో, ఒక్క గుటకే తాగేదాన్ని. డిసెంబరుకి ఆదివారం పంతొమ్మిది రౌండ్లు అందాయి. ఉగాదికి 8.1 ఉన్న హెచ్‌బిఎ1సి, అంటే మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష, జనవరిలో 6.9.

అలిపిరిలో సామాను కౌంటర్లో ఇచ్చేసి, పాదాల మండపంలో లోహపు పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేసి, చీకటితోనే మొదలుపెట్టాం. నేను చేసిన ఒకే ఒక తప్పు అక్కడ తెలిసింది. ఇన్నాళ్ళూ చెప్పులతో ఎక్కాను, కొండకి వట్టి కాళ్ళు. గాలిగోపురం చేరేసరికి అరికాళ్ళు నిప్పులు. పైగా మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వెళ్ళేవాళ్ళుంటారు, ఆ తడి మీద కాలు జారుతుంది. వట్టి కాళ్ళతో అలవాటు చేసుకోండి, గోడవైపు నడవండి.

గాలిగోపురం దాటాక చాలా దూరం చదునే. ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గర ఇక అయిపోయిందనుకున్నాను. మోకాళ్ళ పర్వతం సంగతి మర్చిపోయాను. రామానుజులు కొండని తొక్కకూడదని మోకాళ్ళ మీద ఎక్కారంటారు. అక్కడ మెట్లు నిటారుగా ముఖమ్మీదికి వస్తాయి. పది ఎక్కి నిలబడ్డాను. గోవిందా అందామంటే గొంతు లేదు. అప్పుడు గోవిందనామాలు కాదు, మా ఇంటి లెక్క పట్టుకున్నాను. ఇరవై రెండు, ఒక అంతస్తు. ఇరవై రెండు, రెండో అంతస్తు. నాలుగో అంతస్తు అనుకున్నప్పుడు సెక్రటరీగారి తలుపు కూడా కనపడింది, ఒట్టు. ఆఖరి మెట్టు మీద కూర్చుని "అయిందే అమ్మా" అన్నాను పైకే. పక్కన ఎవరో ముసలావిడ తనతో అన్నాననుకుని, "ఆఁ, అయింది తల్లీ" అంది.

ఇవాళ పొద్దున పాలకి దిగాను. పైకి లిఫ్టులోనే వచ్చాను. వాచ్‌మన్ వింతగా చూసి, "అమ్మగారూ, లిఫ్టు బాగానే ఉందా?" అని అడిగాడు.