పిండికి లేని పేచీ

ఇవాళ మధ్యాహ్నం క్యాంటీన్‌లో మా టీమ్ కుర్రాడు నోరు జారాడు. అంటే, అప్పుడు అలా అనుకున్నాను. రాత్రయ్యేసరికి జారింది నా నోరేమోనని అనుమానంగా ఉంది.

పెరుగన్నం కలుపుకుంటూ "నాలుగింటికి మళ్ళ ఆ తద్దినం ఉంది కదక్కా" అన్నాడు. రోజూ ఉండే స్టేటస్ మీటింగ్ గురించే. "ఆ మాట వాడకు" అన్నాను. మామూలుగానే అందామనుకున్నా, చేతిలో స్పూను డబ్బాలో ఠంగున పడింది. తింటున్న ఐదుగురూ తలెత్తి చూశారు. వాడు బిక్కమొహం వేసి "ఏ మాటక్కా? మీటింగా?" అన్నాడు. అదింకా ఒళ్ళు మండించింది.

మండించింది సరే, వాడిననడానికి నాకేం హక్కుంది? బ్యాంకు కేవైసీ, గ్యాస్ బుకింగు, బుజ్జి స్కూల్లో పేరెంట్స్ మీటింగు... మొన్నమొన్నటి దాకా అన్నీ నా నోట తద్దినాలే. ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకే తెలుసు. విడదీస్తే అందులో ఏముంది? తత్ దినం, ఆ రోజు. తెలుగు మాస్టారి కూతురిని, నాకు తెలియనిది కాదు. అయినా నాన్న రెండో ఏటిది దగ్గరపడినప్పుడు తమ్ముడికి ఫోన్ చేసి "తిథి ఎప్పుడొచ్చిందిరా" అన్నానే గానీ ఆ మాట రాలేదు.

మీటింగ్ నడుస్తుండగానే చాట్‌లో మూడు సారీలు పంపాడు. మూడోదాని పక్కన దణ్ణం పెట్టే బొమ్మ. దణ్ణాలు పెట్టించుకునేంత ముసలిదాన్నైపోయానా? చివర్లో ఇంకోటి: "మా దిక్కు దినాలు అంటమక్కా. మా తాత దినాలకు అన్నీ నేనే చూసుకున్న. తద్దినమంటే బోర్ కొట్టే పని అనే తెలుసు నాకు." వాడిది వరంగల్. వాడి దుఃఖం వేరే మాటలో ఉంది, నాకు తట్టనే లేదు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి తార్నాక దాకా నిలబడి ఆ మెసేజే మళ్ళీ మళ్ళీ చూశాను. జవాబు మాత్రం పెట్టలేదు.

ఇంటికొచ్చి డబ్బా మూత తీసి "అత్తయ్యా, బియ్యం అయిపోయాయి" అన్నాను. "నిండుకున్నాయి అనాలమ్మా" అన్నారు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. ఖాళీ డబ్బాని పట్టుకుని నిండింది అనడమేమిటని పదిహేడేళ్ళుగా నా గొడవ. దీపం ఆరకూడదు, కొండెక్కాలి. వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాననాలి. చీకటి పడితే పాము పురుగైపోవాలి. ఇన్ని గుర్తుపెట్టుకునే బదులు మౌనవ్రతం పట్టడం నయమని రోజూ గొణుగుతాను. ఇవాళ గొణగడానికి మొహం చెల్లలేదు.

సంగతి చెబితే బుజ్జి పడీపడీ నవ్వింది. ఇంగ్లీషులో మాయిస్ట్ అనే మాటంటే ఇలాగే చాలామందికి పడదట. తడిగా, చెమ్మగా ఉండటం, అంతే అర్థం. దానిమీద అమెరికాలో ఓబర్లిన్ కాలేజీ వాళ్ళ పరిశోధన 2016లో అచ్చయిందట. నూటికి పదిమంది నుంచి ఇరవైమంది దాకా ఆ మాట వింటే ముడుచుకుపోతారట. ఎందుకంటే శబ్దం బాలేదంటారట. తీరా చూస్తే అలాగే మోగే వేరే మాటలతో వాళ్ళకేం ఇబ్బంది లేదు. ఒంట్లోంచి వచ్చే తడీ, దాని రోతా గుర్తు రావడమే అసలు సంగతట. "చదువుకున్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, ఊరికే కంగారుపడేవాళ్ళలో ఎక్కువట అమ్మా" అని నావైపే చూస్తూ చదివింది. మనకు చెమ్మ అంటే చెమ్మచెక్క, చెమ్మగిల్లిన కళ్ళు. మా బాత్రూమ్ గోడ తప్ప ఆ మాటతో ఎవరికీ బాధ లేదు.

శబ్దం కాదు అనగానే పిండం గుర్తొచ్చింది.

2010. బుజ్జి కడుపులో ఉంది. స్కానింగుకు అమ్మ తోడొచ్చింది. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం నేరమని స్కానింగ్ సెంటర్లో బోర్డు పెట్టాలి కదా, 1994 చట్టం. మా కుర్చీలకు సరిగ్గా ఎదురుగా ఉంది. అమ్మ "గర్భస్థ పిండ..." దాకా కూడబలుక్కుని చదివి ఆగిపోయింది. లేచి రెండు ప్లాస్టిక్ కుర్చీలనీ గరగరా లాగి, బోర్డుకి వీపు వచ్చేలా తిప్పింది. ఇప్పుడు మేమిద్దరం హాల్లో జనమంతటికీ ఎదురుగా, క్లాసులో టీచర్లలా కూర్చున్నాం. లీటరు నీళ్ళు తాగి బిగబట్టుకుని నేను. నర్సు వచ్చి కుర్చీలు తిప్పమంటే "మాకిలాగే బావుంది" అంది అమ్మ.

ఇంటికొచ్చాక నాన్న "సంస్కృతంలో ముద్ద అనే కదే అర్థం" అన్నారు. "మీ సంస్కృతం బళ్ళో పెట్టుకోండి. దాని కడుపులో ఉన్నది నలుసు" అని వంటింట్లోకెళ్ళి పూరీలకు పిండి కలిపింది. పిండితో ఆవిడకి ఏ పేచీ లేదు! కంట్లో పడితే అంత ఏడిపించే నలుసు, కడుపులో పడేసరికి ముద్దొచ్చింది.

పోయిన నెల తమ్ముడు నల్లనువ్వులు కలిపిన అన్నం ముద్దలు చేస్తుంటే గుమ్మం అవతల నుంచి అమ్మ నన్ను గిల్లింది. "అవి మరీ చిన్నవి చేస్తున్నాడేమో చూడవే" అంది. అవి.

అర్థమే కారణమన్న ఆ పరిశోధన కూడా నాకు పూర్తిగా ఆనడం లేదు. రెండేళ్ళ క్రితమూ తద్దినానికి ఇదే అర్థం. అప్పుడు హాయిగా వాడుకున్నాను.

రేపు వాడికి సారీ చెబుదామని ఇది మొదలుపెట్టాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది, మళ్ళీ దణ్ణం బొమ్మ పెడతాడు. ఇందాకే ఇంకో మెసేజ్ వచ్చింది: "అక్కా, రేపు కూడా నాలుగింటికే ఉంది, మన అది." నవ్వొచ్చింది. "సరే" అని పెట్టి, కిరాణా చీటీలో బియ్యం అని రాసుకున్నాను. పక్కన ఏమీ రాయలేదు, పదికిలోలు అని తప్ప.