అమ్మ పెట్టిన సంతకం

పదకొండు దాటింది. పడుకుందామంటే ఆ సంతకమే గుర్తొస్తోంది. రాస్తే గానీ నిద్ర పట్టేట్టు లేదు.

పొద్దున ఊరికి పోయొచ్చాను. అమ్మ మోకాళ్ల మందుల సంగతి మీకు తెలిసిందే, నేను తీసుకెళ్లి చేతిలో పెడితే తప్ప వేసుకోదు. వసారాలో కూర్చుని మాత్రలు సర్దుతుంటే ఒకాయన రిజిస్టర్ పట్టుకుని వచ్చాడు. "గ్రామసభదిమ్మా, ఒక సంతకం" అన్నాడు. అమ్మ కళ్లద్దాలు కూడా వెతుక్కోకుండా చేసి ఇచ్చేసింది. సభ ఎప్పుడు జరిగిందమ్మా అంటే, "జరిగుంటాదిలే. సంతకమే కదా, పెడితే ఏం పోతాది?" అంది.

అప్పటి నుంచీ ఒకటే చికాకు.

ఇదే అమ్మ పాల కేంద్రంలో వేరే మనిషి. పూటపూటకీ స్లిప్పు తీసుకుని ఫ్యాట్ ఎంతొచ్చిందో చూడకుండా గడప దాటదు. ఒక్క పాయింటు తగ్గినా "నా ఆవు మారలా, మేత మారలా, ఇదెట్లా తగ్గింది?" అని మిషను దగ్గరే నిలబడిపోతుంది. వెనకాల ఎంతమంది క్యాన్లతో ఉన్నా కదలదు. లీటరు మీద రూపాయి తేడా వస్తే ఊరుకోని మనిషి, ఊరి డబ్బు లెక్క వినకుండానే విన్నట్టు ఎలా సంతకం పెట్టింది?

ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు కొందరు ఉగాది నుంచీ ఇంటింటికీ తిరిగి చెప్తున్నది ఈ ఒక్క మాటే. లెక్క చదివి వినిపించాకే సంతకం పెట్టండి అని. పంచాయతీ జమాఖర్చులు ఈ-గ్రామ్ స్వరాజ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో, ఫోన్లోనే కనిపిస్తాయి. వాటిని ప్రింటు తీసి పాల కేంద్రం గోడకు అంటించారు. ఇవాళ చూస్తే ఆ కాగితం మీదుగా ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేశారు. ఊళ్లో ఇంకో గోడే లేదా?

దానికి మా చిన్నాన్న అన్న మాట ఇంకా మండించింది. "రేపు ముఖాలు చూసుకోవాల్సినోళ్లం, మనకెందుకమ్మా ఈ గొడవలు?" అంటాడు. లెక్క అడగడం గొడవ ఎలా అవుతుంది? ఏడాది లెక్కలు, ఆడిట్ రిపోర్టు గ్రామసభ ముందు పెట్టాలని 1994 పంచాయతీరాజ్ చట్టమే చెప్తోంది. సమాచార హక్కు కింద అర్జీ పెడితే మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు కదా, ఆ రోజు మా ఊళ్లోనూ షామియానా వేశారు, కుర్చీలు వేశారు. పెట్టాలనుకుంటే పెట్టగలరు. మరి మిగతాసార్లు రిజిస్టర్ ఇంటికెందుకు వస్తుంది?

ఇంతవరకూ అమ్మ మీద కోపంతోనే రాశాను. కానీ ఆ షామియానా అనగానే ఇంకో సభ గుర్తొచ్చింది.

ఉపాధి హామీ 2006లో మొదలైనప్పుడు మొదటి విడత జిల్లాల్లో మా చిత్తూరు కూడా ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఊరికి సామాజిక తనిఖీ వాళ్లు, అంటే ఆ పనుల లెక్కలు ఊరి ముందే చదివి సరిచూసేవాళ్లు వచ్చారు. నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. గుడి ముందర చింతచెట్టు కింద పట్టాలు పరిచి, ఒక పిల్లోడు మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) తీసుకుని ఒక్కో పేరూ, పని చేసిన రోజులూ, ఇచ్చిన కూలీ గట్టిగా చదువుతూ పోయాడు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆడవాళ్లు చెరువు పూడిక గురించి కాదు, పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఇంతలో ఒక పేరు రాగానే వెనక నుంచి ఒకామె "నేను ఆ వారమంతా మా అమ్మగారింట్లో ఉంటినే!" అని లేచింది. ఇక చూడండి, అందరూ నోళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టారు. అమ్మ పేరు వచ్చింది. చేసిన రోజులకంటే తక్కువ రాశారు. అమ్మ కొంగు నడుముకు చుట్టి లేచి, ఏ రోజు ఏ గట్టు మీద మట్టి మోసిందో, పక్కన ఎవరున్నారో వరసగా చెప్పింది. అంతమంది మగవాళ్ల ముందు అమ్మ అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి చూశాను. నాన్న కూడా తల తిప్పి చూశాడు. ఆ డబ్బు తర్వాత వచ్చింది.

అమ్మకు లెక్క పట్టదని కాదు. ఆ రోజు పేరు పెట్టి చదివారు, లేచి అడిగింది. పాల స్లిప్పు చేతికిస్తారు, అడుగుతుంది. పంచాయతీ లెక్క ఎవరు చదివారు ఆమెకు?

సర్పంచ్ మీద కోపం కూడా రాస్తూ రాస్తూ కొంచెం తగ్గింది. పదిహేనో ఆర్థిక సంఘం కింద 2021-26కి కేంద్రం పంచాయతీలకిచ్చిన డబ్బులో 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికే వాడాలని నిబంధన. ఆ డబ్బునీ రాష్ట్ర ప్రభుత్వం కరెంటు బకాయిలకు మళ్లించిందని సర్పంచులే రోడ్డెక్కిన రోజులున్నాయి. ఖాతాలో ఎంత వచ్చిందో, పైనే ఎంత పట్టుకున్నారో ఊరందరి ముందూ చదివితే ఆయమ్మకూ మేలే. వీధి లైటు వెలగకపోతే తిట్లు తినేది ఆమే కదా.

ఆదివారం సాయంత్రం పాలు పోసే వేళకు పాల కేంద్రం దగ్గరే పంచాయతీ లెక్క చదువుతారట పిల్లలు. చదవడానికి నేనూ వస్తానన్నాను. ఇవాళ ఫ్లెక్సీ పక్కకు జరిపి చూసిన కాగితంలో "నిర్వహణ ఖర్చులు" అని ఒక్క వరసలో పెద్ద మొత్తం ఉంది. అట్లా చదివితే ఎవరూ లేవరు. ఏ వీధి, ఏ బోరు, ఏ మోటారు రిపేరు అని విడివిడిగా రాయమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. ఆ వివరాలు ఫోన్లో లేకపోతే రేపే అర్జీ రాయాలి.