మేరీలాండ్‌లో నా పౌరసత్వ ప్రమాణం

ఫిరంగిపురంలో బాలయేసు దేవాలయం గంటలు వింటూ పెరిగిన నేను, మేరీలాండ్‌లో పదకొండేళ్లు గడిపిన తరువాత అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాను. ఎన్-400 ఫారం నింపడం, వేలిముద్రలు ఇవ్వడం త్వరగానే అయ్యాయి కానీ, ఇంటర్వ్యూ పిలుపు కోసం నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. పరీక్షకు ఇచ్చిన వంద ప్రశ్నలు చదవడంతో ఆగలేక, ఈ గడ్డమీద నా మతంవారైన కతోలికులు ఎలా బతికారో తెలుసుకోసాగాను.

ఒకప్పుడు ఇంగ్లండు వలస రాజ్యంగా ఉన్న మేరీలాండ్‌ను స్థాపించిన లార్డ్ బాల్టిమోర్, సెసిల్ కాల్వర్ట్, కతోలికుడు. ఆయన పంపిన ఆర్క్, డవ్ నౌకలు 1634లో వచ్చినప్పుడు ఫాదర్ ఆండ్రూ వైట్ సెయింట్ క్లెమెంట్స్ దీవిలో దివ్యబలిపూజ సమర్పించారు. 1649 నాటి చట్టం క్రీస్తును నమ్మినవారందరికీ రక్షణ ఇచ్చింది. ఎవరినైనా మతం పేరు పెట్టి దూషిస్తే పది షిల్లింగుల జరిమానా, అందులో సగం ఆ మాటపడ్డవారికే చెందేది. త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని, కాదన్నవారికి అదే చట్టం మరణశిక్ష విధించింది కనుక దాన్ని నేను పూర్తిగా మెచ్చుకోలేను. 1689లో ప్రొటెస్టంటుల తిరుగుబాటులో కాల్వర్టుల పాలన కూలిన తరువాత కతోలికులకు కష్టాలు మొదలయ్యాయి. 1704లో గవర్నర్ జాన్ సీమోర్ ఆజ్ఞతో సెయింట్ మేరీస్ సిటీలోని ఇటుక గుడికి తాళం పడింది, 1718లో ఓటుహక్కు పోయింది, 1756లో వారి భూములపై పన్ను రెట్టింపైంది.

ఒక శనివారం అక్కడికి వెళ్లి, పాత పునాదుల మీద తిరిగి కట్టిన ఆ గుడి తలుపు మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. అప్పటినుంచి ఇళ్లల్లోనే పూజ జరుపుకోవలసి వచ్చిన ఆ కుటుంబాలు, తాళం వేస్తుంటే ఎక్కడ నిలబడి చూశాయో అనిపించింది.

నన్ను అన్నిటికంటే కలచివేసింది 1740 నాటి బ్రిటిష్ చట్టం. అమెరికాలోని బ్రిటిష్ వలసల్లో ఏడేళ్లు ఉన్న విదేశీయుడు, ప్రొటెస్టంటు సంఘంలో సత్ప్రసాదం (ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం) స్వీకరించినట్టు ఇద్దరు సాక్షులు సంతకం చేసిన పత్రం చూపించి, ప్రమాణం చేసి, రెండు షిల్లింగులు చెల్లిస్తే అక్కడ పుట్టినవారితో సమానమైన హక్కులు పొందేవాడు. సత్ప్రసాదపు షరతునుంచి యూదులకు, క్వేకర్లనే క్రైస్తవ శాఖవారికి మినహాయింపు ఉంది, కతోలికులకు లేదు. ఆనాడు వచ్చి ఉంటే నా దరఖాస్తు అక్కడే ఆగిపోయేది.

ఇంటర్వ్యూలో అధికారిణి నన్ను అడిగిన ప్రశ్నల్లో ఒకటి: "మత స్వాతంత్ర్యం అంటే ఏమిటి?" జవాబు నాకు కంఠస్థమే అయినా గొంతు పూడుకుపోయింది. నేను మరిచిపోయాననుకుని ఆమె నెమ్మదిగా మళ్లీ అడిగింది. "ఏ మతాన్నైనా ఆచరించవచ్చు, ఏ మతాన్నీ ఆచరించకుండానూ ఉండవచ్చు" అన్నాను.

కొన్ని వారాల తరువాత బాల్టిమోర్‌లో కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను. "దేవుడు నాకు తోడ్పడుగాక" అన్న చివరి మాటను మనస్సాక్షి ఒప్పుకోనివారు వదిలేయవచ్చు. నేను దాన్ని గట్టిగా పలికాను.