ఎక్కడ పట్టుకోమంటారు?

గురువారం, రాత్రి తొమ్మిదిన్నర.

ఇవాళ గోపాలపట్నం వెళ్లి వచ్చాను. పిన్ని మోకాలికి దెబ్బ తగిలి పది రోజులైంది. ఫోనులో ఎన్నిసార్లు పలకరించినా, చూడలేదన్న వెలితి తీరదు కదా. పెదవాల్తేరు నుంచి గోపాలపట్నం వెళ్లి రావడం మా వీధిలో ఎవరికైనా ఒక పూట పని. నాకూ నా చక్రాల కుర్చీకీ కలిపి రోజంతా పట్టింది. అయినా ఈ రాత్రి మనసు నిండుగా ఉంది. ఎందుకో రాసి పెట్టుకోవాలి.

పొద్దున లేవగానే కుర్చీ బ్యాటరీ చూసుకున్నాను. చార్జి చూపే దీపాలన్నీ వెలిగాయి. విశాఖలో కరెంటు కుర్చీ వాడేవాళ్లకు ముందుగా తెలిసివచ్చేది ఈ ఊరి ఎత్తుపల్లాలే. సముద్రం వైపు దిగుతున్నంతసేపూ బ్యాటరీ తరగనట్టే ఉంటుంది. తిరిగి ఎక్కేటప్పుడు ఒక్కో దీపం ఆరిపోతూ వస్తుంది. ఒక్కసారి చార్జి చేస్తే ఇన్ని కిలోమీటర్లు వెళ్తుందని అమ్మేటప్పుడు చెప్పే లెక్క చదును నేలది. అందుకే బీచ్‌కు వెళ్లిన రోజు సగం దీపాలు ఉండగానే వెనక్కి తిరుగుతాను.

ఎప్పుడూ వచ్చే ఆటో అబ్బాయి ఊళ్లో లేడు. వేరే ఆటో పిలవాల్సి వచ్చింది. కొత్త మనిషి అనగానే నాకు గుండె దడ మొదలవుతుంది. సాయం చేయరేమోనని కాదు. మన ఊళ్లో సాయానికి కరువు లేదు. కుర్చీ దగ్గర కాస్త తడబడితే చాలు, నలుగురు పరుగెత్తుకొస్తారు. ఆ పరుగే నాకు భయం. వచ్చినవాళ్లు వచ్చినట్టే చేతికి అందినచోట పట్టుకుని ఎత్తేస్తారు. చెయ్యి ఆనించుకునే పట్టీ పట్టుకుంటే అది ఊడి వాళ్ల చేతికి వస్తుంది. పాదాలు పెట్టుకునే పలక పట్టుకుంటే వంగిపోతుంది. కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ కర్ర పట్టుకున్నారా, ఇక చెప్పనక్కరలేదు.

మూడేళ్ల కిందట ఒక ప్రయాణంలో అదే జరిగింది. నన్ను దించాక, వెనకాల కుర్చీని దించినవాళ్లు ఆ కర్ర పట్టుకుని లాగారు. అది మొదలు దగ్గర చీలింది. ఆ భాగం వేరే ఊరి నుంచి రావడానికి పదకొండు రోజులు పట్టింది. పదకొండు రోజులూ మంచం, కిటికీ, గోడ. మంచినీళ్లకు కూడా ఎవరినో పిలవాలి. దించినవాళ్లు చెడ్డవాళ్లు కారు, పాపం ఎంతో నొచ్చుకున్నారు. ఒక్క క్షణం ఆగి నన్ను అడిగి ఉంటే సరిపోయేది.

ఆ తరువాతే కుర్చీ చట్రానికి నాలుగుచోట్ల ఎర్ర గుడ్డ పేలికలు కట్టాను. అమ్మ పాత చీర అంచు చించి కట్టినవి. ముందు రెండు, వెనక రెండు. ఎత్తేటప్పుడు చేతులు వేయాల్సింది అక్కడే. అయినా వాటిని చూసి అడిగినవాళ్లు ఎవరూ లేరు. దిష్టికి కట్టానని అనుకుంటారు కాబోలు.

ఇవాళ వచ్చిన ఆటో ఆయనకు యాభై దాటి ఉంటాయి. బండి ఆపి, దిగి, కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి పేలికలు చూశారు. చేతులు వెనక్కే పెట్టుకుని, "ఎక్కడ పట్టుకోమంటారమ్మా? ఈ ఎర్రవాటి దగ్గరేనా?" అన్నారు.

నాకు వెంటనే మాట రాలేదు.

"హార్బరులో కళాసీగా చేశానమ్మా చాలా కాలం. పెట్టె మీద తాడు వేయాల్సినచోట గొలుసు బొమ్మ ఉంటుంది. అది చూడకుండా చెయ్యి వేస్తే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు" అన్నారు.

ఇక అంతా వరస ప్రకారం జరిగింది. ముందు నేను కుర్చీని ఆటోకు ఏటవాలుగా పెట్టి, ఆటో ఇనుప కడ్డీ పట్టుకుని సీటు మీదికి జరిగాను. ఆసరాకు కట్టే క్యాలిపర్ వేసిన ఎడమ కాలును చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాను. తరువాత కుర్చీ మీట నొక్కి ఆపేయడం, బ్యాటరీ లాగి నా పక్కన పెట్టడం, మెత్త తీయడం, అప్పుడు మడత. బ్యాటరీ తీసినా ఇరవై ఆరు కిలోలు. కాళ్లు పెట్టుకునేచోట అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా తాడుతో కట్టారు. నా మోకాళ్లు ముడుచుకోవాల్సి వచ్చింది గానీ, అది నాకు అలవాటే.

ఒక సంగతి మాత్రం నేనే మరిచిపోయి చెప్పలేదు. కుర్చీ ఆపేస్తే మోటారు చక్రాలను పట్టేస్తుంది. తోసినా కదలదు. మోటార్ల పక్కనున్న పసుపు మీటలు రెండూ తిప్పితే చక్రాలు వదులవుతాయి. అయితే అప్పుడిక బ్రేకు ఉండదు, వాలులో వదిలితే దానంతట అదే వెళ్లిపోతుంది. గోపాలపట్నంలో దించాక ఆయన కుర్చీని తోయబోయి, కదలకపోతే బలం పెట్టలేదు. ఆగి నా వైపు చూశారు. పసుపు మీటల గురించి అప్పుడు చెప్పాను. మా అన్నదమ్ములకు కూడా ఆ ఆగడం అలవాటు కాలేదు.

దారి గురించి రాయడానికేమీ లేదు. మద్దిలపాలెం నుంచి హైవే ఎక్కి, కంచరపాలెం మీదుగా ఎన్‌ఏడీ కూడలి దాటాం. ఎండ మండిపోయింది.

పిన్ని ఇంటికి మూడు మెట్లు. ఒక్కోటి ఆరంగుళాలు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు, ర్యాంపుకు లెక్క అది. పద్దెనిమిది అంగుళాలకు పద్దెనిమిది అడుగులు కావాలి. పిన్ని వాళ్ల సందు వెడల్పే అంత ఉండదు. పక్కింటివాళ్లు బల్లచెక్క తెచ్చారు గానీ వద్దన్నాను. అంత నిటారు చెక్క మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. మాటల్లోనే పిన్ని గోడ పట్టుకుంటూ బయటికి వచ్చి, పై మెట్టు మీద కూలబడింది.

"ఇన్నాళ్లూ నువ్వు గుమ్మం బయటే ఎందుకు ఆగిపోతావో ఈ పది రోజుల్లో తెలిసిందే తల్లీ. ఈ మూడు మెట్లూ నాకు సింహాచలం కొండలా ఉన్నాయి" అంది.

మాడుగుల హల్వా తీసుకెళ్లాను. ఇద్దరం సందులోనే కూర్చుని తిన్నాం. మోకాలు నయమయ్యాక కూడా పక్కన కడ్డీ వేయించుకోమని చెప్పాను. వేయిస్తానంది. వెనక వాకిలి వైపు చోటుందని, ర్యాంపు అక్కడ పడుతుందేమో బాబాయిని కొలవమంటానని తనే అంది. నేను అడగలేదు. అందుకే ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

నిజానికి మెట్టుకూ బండికీ మధ్య ఉన్న ఈ చిక్కు ఒక ఇంటిది కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం బస్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాల్లో మాలాంటివాళ్లకు సదుపాయాలు ఉండాలని చెబుతోంది. పాత వాహనాలను కూడా వీలైనంతవరకు మార్చాలంటుంది. అది నా హక్కు, అడుగుతూనే ఉంటాను. హైదరాబాదులో తమ్ముడి దగ్గరికి విమానంలో వెళ్లాలనే ఈ బ్యాటరీ ఏరి కొనుక్కున్నాను. విమానంలో ఊడదీసి చేతిసంచిలో పెట్టుకునే లిథియం బ్యాటరీ ఒక్కటే అయితే 300 వాట్-అవర్లు దాటకూడదు. నాది ఇరవై నాలుగు వోల్టులు, పన్నెండు ఆంపియర్-అవర్లు. గుణిస్తే 288. ఆ లెక్క ఉన్న కాగితం ఎప్పుడూ కుర్చీ జేబులోనే ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి కూడా ఆయనే వచ్చారు. ఈసారి పేలికల గురించి గానీ మీటల గురించి గానీ నేను చెప్పాల్సిన పని పడలేదు. నంబరు రాసుకున్నాను.

ఇంటికి వచ్చాక కుర్చీని పక్కకు ఒరిగించి ముందు చిన్న చక్రాలు చూశాను. ఇరుసు చుట్టూ వెంట్రుకలు, దారప్పోగులు, ఇసుక కలిసి నల్లటి ఉండలా బిగుసుకుపోయాయి. పిన్నీసుతో ఒక్కో పోగూ లాగాను. అరగంట పట్టింది. ఈ ఊరి ఉప్పుగాలికి బోల్టుల తలలు అప్పుడే తుప్పురంగు తేలాయి. పొడిగుడ్డతో తుడిచి, చుక్క నూనె వేశాను.

అప్పుడు గమనించాను, వెనక కుడివైపు పేలిక వెలిసి గులాబి రంగులోకి దిగింది, ఒక పక్క చిరిగింది కూడా. అమ్మ చీర అంచు ఇంకా మూరెడు మిగిలి ఉంది. అందులోంచి చించి కొత్తది కట్టాను. ముడి కాస్త పెద్దదిగా వేశాను, చీకట్లో అయినా చేతికి తగిలేలా.