కందుకూరు ఏ జిల్లా?

అమెరికాలో ఉద్యోగం అంటే మా కందుకూరులో సాఫ్ట్‌వేరే. లైబ్రరీ అని చెబితే జాలిగా చూస్తారు. "పుస్తకాలు సర్దేదానికి అంత దూరం పోవాలా అబ్బయా?" అని మా బాబాయి ఇప్పటికీ అడుగుతుంటాడు. నిజానికి ఈ యూనివర్సిటీ లైబ్రరీలో నేను పుస్తకం ముట్టుకోని రోజులే ఎక్కువ. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి కేటలాగు రికార్డుల్లో తప్పులు పట్టడం నా పని.

ఇక్కడికి తెలుగు పుస్తకాలు రావడానికి కారణం గోధుమలు. పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద వచ్చిన గోధుమలకు మన దేశం రూపాయల్లో కట్టిన డబ్బులో కొంత పెట్టి, 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన భాషల పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీలకు పంపింది. వాటి వివరాలు రోమన్ లిపిలో ఎక్కించారు. దీర్ఘానికి పైన గీత, ళ అయితే కింద చుక్క. తర్వాత ఆ కేటలాగు కార్డులు మార్క్ రికార్డులయ్యాయి, అంటే ఒక్కో వివరానికి ఒక్కో నంబరు ఇచ్చి కంప్యూటర్ చదవగలిగేలా రాసినవి. పేరు 245లో, రచయిత 100లో, అసలు లిపి 880లో ఉండాలి. పాత రికార్డుల్లో చాలావాటికి ఆ 880 లేదు. తెలుగులో టైప్ చేసి వెతికితే, బీరువాలో ఉన్న పుస్తకం కూడా లేనట్టే.

రోమన్‌ని తెలుగులోకి మార్చే ప్రోగ్రాం రాయడం పెద్ద కష్టం కాదు. కానీ టైప్ చేసినవాళ్లు చుక్క వదిలేస్తే కళ కూడా కల అవుతుంది. అక్కడ ప్రోగ్రాం ఆగిపోతుంది, తెలుగు వచ్చినవాడు కూర్చోవాలి. ఒక చోట ఇంటిపేరు ముందు, ఇంకో చోట వెనక ఉంటే ఒకే రచయిత ఇద్దరైపోవడం ఇంకో టెన్షన్.

ఊళ్లు మరీ చిక్కు. మా కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. 'కందుకూరు, నెల్లూరు జిల్లా' అని ఉంటే అది ఏ కాలం పుస్తకం? 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం అయితే కదలకుండానే గుంటూరు, ప్రకాశం, బాపట్ల జిల్లాలు తిరిగింది. ఊరికి మారని నంబరు ఒకటి ఇచ్చి, జిల్లాల పేర్లు తేదీలతో సహా దానికి తగిలించాలి. కంప్యూటర్ సైన్స్ లైబ్రరీకి పనికొచ్చేది ఇక్కడే అని నా అభిప్రాయం.

మా లైబ్రరీ సైన్స్ కోర్సులో కంప్యూటర్ పేపర్ ఉండేది. కంప్యూటర్ తరాలు ఎన్ని, ఇన్‌పుట్ పరికరాలు ఏవి, అంతే. న్యూజిలాండ్‌లో ఓ చిన్న లైబ్రరీ కోసం 1999లో తయారైన కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ మీద వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నాం, ఉచితంగా దొరికే ఆ సాఫ్ట్‌వేర్‌ని ఒక్కసారీ ఎక్కించి చూడలేదు. మార్క్‌ని రూపొందించిన హెన్రియెట్ అవ్రమ్ ప్రోగ్రామర్. మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి పితామహుడనే రంగనాథన్ 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ కాకముందు లెక్కల మాస్టారు. ఈ రెండు విద్యల మధ్య గోడ ఎవరు కట్టారో!

ఒంగోలు నుంచి పిల్లలు ఫోన్ చేస్తుంటారు, "అన్నా, లైబ్రరీ సైన్స్‌తో అక్కడ ఉద్యోగం వస్తదా?" అని. ఉద్యోగాలు తక్కువే, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ అడుగుతారు, యూనివర్సిటీలకు హెచ్1బీ లాటరీ లేకపోవడం ఒక్కటే ఊరట అని ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ముందు ల్యాప్‌టాప్‌లో కోహా వేసుకుని, మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక బీరువా పుస్తకాలు తెలుగులోనే ఎక్కించమంటాను. "దానికి సర్టిఫికెట్ ఇస్తారా అన్నా?" అంటారు.