పక్క మంచం పిన్ని

"మీ ఇండియన్లు కారం ఎక్కువ తింటారు కదా, అందుకే" అన్నాడు డ్యూటీ డాక్టర్. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఓ శనివారం రాత్రి, పొత్తికడుపు పట్టుకుని వంగిపోయి కూర్చున్నాను. సోంపు టీ తాగి పడుకోమని పంపించేశాడు. సోమవారానికి అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు. మత్తిచ్చారు, లేచేసరికి పొట్టకి ట్యూబు. ఎనిమిది నెలలైంది, కుట్లు మానాయి. ఆ మాట మానలేదు. మా ఇంట్లో కారం తినేది మా ఆయన. నేను పెరుగన్నం మనిషిని.

పక్క మంచంలో అరవై దాటిన ఆవిడ, గాల్‌బ్లాడర్‌లో రాళ్లట. సాయంత్రం వచ్చే చల్లటి బ్రెడ్డు ప్లేటులోంచి లెట్యూస్ ఆకుని రెండు వేళ్లతో తీసి, కాగితంలో చుట్టి దూరంగా పెట్టేది. నర్సులకి అది చాదస్తం. ఆవిడ యజీదీ, అంటే ఉత్తర ఇరాక్‌లో ఉండే ఓ పాత మతం మనిషి. వాళ్లలో పాతకాలం వాళ్లు చాలామంది ఆ ఆకు ముట్టరు. ఐసిస్ చెర నుంచి బయటపడ్డ ఆడవాళ్లనీ పిల్లల్నీ దాదాపు 1,100 మందిని మా బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2015లో తీసుకురావడం మొదలుపెట్టినప్పుడు ఇరాక్‌లోని సింజార్ నుంచి వచ్చింది. నోబెల్ అందుకున్న నాదియా మురాద్ వచ్చిందీ అలాగే. లాలిష్‌లో వాళ్ల గుడి గడప తొక్కరట, దాటి వెళ్తారట. మా అమ్మమ్మా అంతే అన్నాను. ఆవిడది వచ్చీరాని జర్మన్, నాదీ అంతే. పిన్నిని వాళ్ల భాషలో ఖాల్తీ అంటారని చెప్పింది. అదే ఖాయం చేసుకున్నాను.

రాత్రిళ్లు ఆవిడ ఫోను దిండు కింద మోగేది. సైలెంట్‌లో పెట్టమని విసుక్కున్నాను. మర్నాడు నర్సు నాకు రక్తం తీస్తుంటే తన మోచేతి మడత చూపించి, "నేనూ ఇచ్చాను, ఎముకల కోసం" అంది. ఇద్దరు కొడుకులు. 2014 ఆగస్టులో ఐసిస్ వాళ్లు తీసుకుపోయారు. గుంతల్లో తవ్వి తీసిన ఎముకలతో పోల్చడానికి ఆ రక్తం. కబురు ఏ వేళకైనా రావచ్చు.

ఆ రాత్రి రెండింటికి నాకు చలి మొదలైంది. మంచం ఊచలు మోగేంత వణుకు. బెల్లు నొక్కాను, మళ్లీ నొక్కాను. వచ్చిన నర్సు "ఆపరేషన్ తర్వాత మామూలే" అని ఇంకో దుప్పటి కప్పి వెళ్లిపోయింది. థర్మామీటరైనా పెట్టలేదు. పాపని తల్లో పువ్వు పెట్టి బడికి పంపినట్టు కళ్ల ముందు కనిపించింది. పోతున్నాననే అనుకున్నాను.

పిన్ని లేచి నా నుదురు పట్టి చూసింది. గౌను వెనక ముడి ఒక చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో వరండాలోకి వెళ్లి అరిచింది. డాక్టర్ వచ్చేదాకా కదలనని నర్సుల కౌంటర్ ముందు నేల మీద కూర్చుందట. జ్వరం 40.2. స్కాన్, లోపల చీము, ఇంకో ట్యూబు. ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చిన పెద్ద డాక్టరమ్మకి నేను బతికున్నంత కాలం దణ్ణం పెడతాను. మొదటాయనకి మాత్రం ఒక ఉత్తరం రాసిపెట్టాను, ఇంకా పంపలేదు.

స్ట్రెచర్ మీద తోసుకెళ్తుంటే పిన్ని నా అరచేతిలో గోళీ అంత మట్టి ఉండ పెట్టి వేళ్లు మూసింది. బెరాత్. లాలిష్ మట్టిని అక్కడి ఊట నీళ్లతో కలిపి చేస్తారు. ఇప్పుడది మా పూజ అలమరలో తిరుపతి కుంకుమ పక్కన ఉంది. నెమలి రూపం దేవదూతని కొలుస్తారు కాబట్టి వాళ్లూ మనవాళ్లేనని మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. మనవాళ్లయితేనే మొక్కాలా?

సింజార్‌లో జరిగింది నరమేధమేనని 2023 జనవరిలో ఇక్కడి పార్లమెంటు తీర్మానించింది. ఆ తర్వాతా ఆశ్రయం దొరకని యజీదీలని ఇరాక్ విమానం ఎక్కిస్తూనే ఉన్నారు. పిన్ని మేనల్లుడికి వెళ్లిపొమ్మనే ఆ కాగితం వచ్చింది. దీని ముందు నా కారం గొడవ ఎంత? అయినా పోవట్లేదు.

కొత్తగా వచ్చే మనవాళ్లకి ఒక్కటి చెప్తాను. నొప్పి పదికి ఎంత అని అడిగితే మర్యాదకి ఐదు అనకండి. నేను అన్నాను.

ఐసీయూ నుంచి నాలుగు రోజులకి తిరిగొస్తే ఆ మంచంలో వేరే ఆవిడ ఉంది. అడ్రసు అడిగితే డేటా ప్రైవసీ, ఇవ్వరన్నారు. నా నంబరు రాసిన చీటీ ఆవిడకి అందించమని ఇచ్చి వచ్చాను. ఫోను సైలెంట్‌లో పెట్టడం మానేశాను.